దూడ నోరు తెరిచి చూడండి

భాద్రపదం నుంచి కార్తీకం దాకా కోనసీమ పాకల్లో గేదెలు ఎక్కువగా ఈనే కాలం. దూడ నేలమీద పడగానే పెయ్యో దున్నో అని తోకెత్తి చూస్తాం. ఈసారి నోరు కూడా తెరిచి చూడండి. చేతులు సబ్బుతో కడుక్కుని, చూపుడువేలితో అంగిలి ముందునుంచి వెనకదాకా తడమండి. మెట్లు మెట్లుగా, గట్టిగా తగలాలి. నడిమధ్యన వేలు పైకి దూరిందంటే అంగిలి చీలినట్టే. పెదవి చక్కగా ఉండి లోపల చీలిన దూడలతోనే మోసపోతాం. చీకినప్పుడల్లా ముక్కుల్లోంచి పాలు కారతాయి, దగ్గు వస్తుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా.

అలాంటి దూడకు జున్నుపాలు నోట్లో గొట్టంతో పోయొద్దు. 1962కి ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకు కబురు పెట్టండి. డాక్టరు కడుపులోకి ట్యూబు వేసి పాలు పడతారు. 30 కిలోల దూడకు తొలిరోజు 3 లీటర్ల దాకా కావాలి, మొదటి విడత రెండు గంటల్లోపే పడాలి. మూతి కాస్త వంకరైనా ఊపిరి ఆడుతూ చీకగలిగితే ఆ దూడ బతుకుతుంది. గుర్రప్పిల్లలకు వంకర ముక్కును ఎముక కోసి సరిచేసే ఆపరేషన్ ఉంది గాని, దూడకు అంత ఖర్చు గిట్టదు. చీలిక మరీ పెద్దదైతే, నొప్పి తెలియకుండా సాగనంపమని డాక్టరుని అడగడం పాపం కాదు.

మనం ఈ చీలికను గ్రహణం మొర్రి అంటాం. నింద చంద్రుడి మీదికి పోతే అసలు కారణం పాకలోనే ఉండిపోతుంది. అమెరికాలోని ఐడాహోలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుడుతుంటే, 1950ల్లో మొదలైన పరిశోధన కారణాన్ని కొండమేతలోని ఒక మొక్కలో పట్టుకుంది. చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో తల్లి దాన్ని తింటే చాలు. ముఖం రూపు కట్టేది చూలు తొలి రెండు నెలల్లోనే.

అందుకే, ఈనిన గేదె మళ్లీ ఎదకొచ్చి కట్టించాక, 45 రోజులు దాటేవరకు నట్టల మందు ఆల్బెండజోల్ తాగించకండి. వరదకు లంకల్లో పచ్చిమేత కుళ్లిపోయి నెలల తరబడి వరిగడ్డే మేపితే విటమిన్-ఎ తగ్గుతుంది, గుడ్డి దూడలు పుట్టొచ్చు. చూడి గేదెకు రోజూ కాస్తయినా పచ్చిగడ్డి దొరకాలి. ఊరి దున్నపోతు మూడు నాలుగేళ్లు ఒకేచోట ఉంటే సొంత కూతుళ్ల మీదికే వస్తుంది, దాన్ని మార్చండి. సూది వేయించినప్పుడు స్ట్రా మీది దున్న నంబరు రాసిపెట్టుకోండి. మొర్రి దూడ పుడితే ఆ నంబరు డాక్టరుకు చెప్పండి, అదే దున్నతో మళ్లీ కట్టించకండి. తల్లి గేదెను మాత్రం అరిష్టమని సగం ధరకు తోలేయొద్దు.