వంద మాటల్లో అద్భుతగాథ

నచ్చిన నవల అయిపోయినా మనసు ఆగని పాఠకుడు ఆ పాత్రలతోనే మరో కథ అల్లుకుంటాడు. అదే ఫ్యాన్ ఫిక్షన్. 1980లలో బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు సైన్స్ ఫిక్షన్ సంఘం 'డ్రాబుల్' అని ఒక పద్ధతి పెట్టింది: కథ సరిగ్గా వంద మాటలుండాలి. తర్వాత అభిమానుల కథల్లోకీ అది పాకింది.

వందలో ఇమడ్చడమెలా?

మొదటిది, తెలిసింది చెప్పొద్దు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) చదివినవాడికి ఉంగరం సంగతి మళ్లీ ఎందుకు?

రెండోది, మూలకర్త వదిలేసిన ఒక్క క్షణం పట్టుకోండి. ఫ్రోడో శాశ్వతంగా వెళ్లిపోతూ తన గ్రంథంలో చివరి పేజీలు సామ్‌కి ఖాళీగా ఉంచాడు. సామ్ ఇల్లు చేరడంతో నవల ముగుస్తుంది. ఆ రాత్రి అతను కలం పట్టాడా? మీ కథ అక్కడుంది.

మూడోది, 'దుఃఖం' అన్న మాటే రాయకండి. తెల్ల కాగితం, కలం మొనమీద ఆరిపోతున్న సిరా చాలు.

అరువు పాత్రలని చిన్నచూపెందుకు? వ్యాసభారతంలో లేని శశిరేఖ 'మాయాబజార్' (1957)కి ప్రాణం కాలేదూ?

రాశాక లెక్కపెట్టండి. నూటముప్పై వస్తాయి. ఏ ముప్పై కొట్టేయాలో తేల్చుకోవడంలోనే రచన పట్టుబడుతుంది.