నాయనమ్మకు ప్లేడే ఉందా?

"తాత ఏం చేస్తున్నడు?" అని మీ పిల్లల్ని అడగండి. "టీవీ చూస్తున్నడు" అని జవాబు వచ్చిందా? అయితే మారాల్సింది తాత కాదు. మీ ఇంటి టైమ్‌టేబుల్. మీరు మార్చగలరు. ఈ వారమే మొదలుపెట్టండి.

సింగరేణి బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఇల్లు షిఫ్టును బట్టి నడుస్తుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి. అప్పుడు "బాపు పండుకున్నడు, లొల్లి చేయకుండ్రి" అంటూ పిల్లల్ని వాకిట్లోకి తీసుకెళ్లేది నాయనమ్మే. బడికి తయారుచేసేదీ ఆమే. ఆమెకు మస్టర్ (హాజరు) లేదు, జీతం లేదు. కానీ అది డ్యూటీయే. డ్యూటీకి పోయే ముందు ఒక్క మాట చెప్పండి: "అవ్వా, నువ్వున్నవనే నేను నిమ్మళంగ పోతున్న." సిగ్గుపడొద్దు. రెండోసారికి అలవాటైపోతుంది.

బాయిలో (గనిలో) పనిచేసే మీకు వారానికో ప్లేడే, అంటే సెలవు రోజు, ఉంది. మరి ఆమెకు? ప్రేమ పేరుతో ఏడు రోజులూ పిల్లల్ని ఆమెకే అప్పగించడం గౌరవం కాదు. ఒక రోజు పిల్లలు పూర్తిగా మీ బాధ్యత. ఆ రోజు ఆమె గుడికి పోతుందో, చెల్లెలింటికి పోతుందో ఆమె ఇష్టం.

ఇక తాత. 61 ఏళ్లు నిండి రిటైరయ్యాడు, దండ వేశారు, శాలువా కప్పారు. తెల్లారితే మస్టర్ లేదు. ఆ మనిషి దగ్గర ఎంత విద్య ఉందో తెలుసా? పైకప్పు బండను రాడ్డుతో తట్టి, ఆ చప్పుడును బట్టి గట్టిదో, డొల్లదో చెప్పేవాడు. డొల్లగా మోగితే జనాన్ని వెనక్కి పిలిచేవాడు. చీకట్లో చెవి పెట్టి వినడం, తొందరపడకపోవడం, పక్కవాడి ప్రాణం గురించి ఆలోచించడం. ఏ లీడర్‌షిప్ క్లాసూ ఇంత బాగా నేర్పదని నా నమ్మకం. ఆ విద్య మీ పిల్లలకు అందాలి.

ఎలా?

• ఆదివారం ఒక గంట ఫోన్లు పక్కన పెట్టండి. మనవరాలితో సూటి ప్రశ్నలు అడిగించండి. "పాత రోజులు ఎట్లుండె?" అంటే మాట ముందుకు సాగదు. "మొదటిరోజు బాయి దిగినప్పుడు భయమైందా? టిఫిన్‌ల ఏం పట్టుకపోయేటోనివి?" అని అడిగితే తాత ఆగడు. రికార్డు చేయండి.

• కంపెనీ లాభాల వాటా వచ్చినప్పుడు ఖర్చు లెక్క వేస్తారు కదా. ఆ లెక్క వేసేటప్పుడు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టండి. నిర్ణయం అయ్యాక చెప్పడం కాదు, కాకముందే అడగాలి.

• గారాబం ఎక్కువైందనిపిస్తే పిల్లల ముందు అనకండి. విడిగా, నెమ్మదిగా చెప్పండి.

• పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్నారా? వీడియో కాల్‌లో "తిన్నవా?" దగ్గరే ఆగకండి. హోంవర్క్‌లో ఒక పాఠం తాతకు చదివి వినిపించమనండి.

సింగరేణి కంపెనీ 1920 డిసెంబర్ 23న ఏర్పడింది. ఏటా ఆ రోజు సింగరేణి డే. వచ్చే డిసెంబర్ 23న మీ ఇంట్లోనూ వేడుక చేయండి. తాతకు ఇంకో శాలువా వద్దు. ఆయన పనిచేసిన గని పేరు, చేరిన సంవత్సరం, చేసిన పని మనవళ్ల చేత రాయించి గోడకు పెట్టండి. పక్కన నాయనమ్మ పేరూ రాయండి. ఆయన డ్యూటీ చేసినన్నాళ్లూ ఇల్లు నడిపింది ఆమే.