ఇంజను మార్చిన చిన్న ట్రాక్టరునకు సైలెన్సరు అమర్చు విధము



తోటలు దున్నెడి చిన్న ట్రాక్టరునకు వేఱొక ఇంజను బిగించినపుడు పాత సైలెన్సరునే తగిలించి పని గడపుట పొరపాటు. పొగ వెడలు దారి ఇఱుకైనచో ఇంజను మిక్కిలి వేడెక్కును, బలము తగ్గును, డీజిలు ఖర్చు హెచ్చును.

1. క్రొత్త సైలెన్సరు గొట్టపు లోపలి వ్యాసము ఇంజను పొగద్వారముకంటె తక్కువ కారాదు.

2. రెండు ముఖములపై మసిని గీకివేసి, క్రొత్త గ్యాస్కెట్టునే వేయవలెను. బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఇంజను ఒకమారు వేడెక్కి చల్లారిన పిదప బిగువు మరల చూడవలెను. అతుకువద్ద నల్లని మసిచార కనబడినచో పొగ కారుచున్నదని యెఱుగునది.

3. సైలెన్సరు బరువంతయు గొట్టముపై నిలువరాదు. ఊతపట్టీని ఇంజనుకే బిగింపవలెను. ఇంజను రబ్బరు దిండ్లపై నున్నపుడు పట్టీని చట్రమునకు బిగించినచో, రెండును వేర్వేరుగా అదరుటచే గొట్టము పగులును.

4. గొట్టపు కొన డీజిలు టాంకివైపునకును, నడపువాని ముఖమువైపునకును, నేలవైపునకును తిరిగి యుండరాదు.

2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరియున్న అమ్రాబాదు ప్రాంతమున పెక్కు పొలముల గట్టు దాటగనే నల్లమల అడవి. వేసవిలో రాలిన ఆకు, గడ్డి ఎండియుండును. నిప్పుగానున్న మసికణమొక్కటి చాలును. కావున గొట్టపు కొనకు నిప్పురవ్వల నాపెడి జాలిని తప్పక అమర్చి, మసి పట్టకుండ శుభ్రపఱచుచుండవలెను.

మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషము. మనుష్యులకును పశువులకును ప్రాణాంతకము.