దశాంశ బిందువు – బావినీరు

అంకెల స్థానములలో కుడినుండి ఎడమకుఁ బోవుకొలఁది విలువ పదింతలగును. ఎడమనుండి కుడికి వచ్చుకొలఁది పదవవంతగును. ఒకట్ల స్థానముతో నిలువక ఇంకను కుడికి సాగినచో దశాంశములు అనఁగా పదవవంతులును, శతాంశములు అనఁగా నూఱవవంతులును వచ్చును. ఒకట్ల స్థానమెచ్చట ముగిసినదో తెలుపుటకే మనము బిందువు నుంచుదుము.

నల్లగొండ జిల్లాలో, ముఖ్యముగా మర్రిగూడ, మునుగోడు ప్రాంతములందు, భూగర్భజలములలోని ఫ్లోరైడు అనేకుల దంతములను, ఎముకలను చెఱచినది. అది కంటికిఁ గనఁబడదు, నాలుకకుఁ దెలియదు. పరీక్షించి అంకెవలననే తెలిసికొనవలెను. త్రాగునీటియందు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అనఁగా ఒక మిల్లీగ్రామును, ఇంకొక మిల్లీగ్రామును పది భాగములు చేయఁగా అందు అయిదును.

రెండు బావులున్నవనుకొందము. లీటరునకు ఒకదానియందు 1.25, రెండవదానియందు 1.6 మిల్లీగ్రాములు. ఏ నీరు త్రాగఁదగును? బిందువునకు కుడివైపున 25ను, 6ను చూచి 25 పెద్దదని తలఁచినవాఁడు మంచి బావిని విడిచి చెడ్డ బావికిఁ బోవును. 6 దశాంశములనఁగా 60 శతాంశములు. కావున 1.6ను 1.60 అనియు, 1.5ను 1.50 అనియు వ్రాయవచ్చును, విలువ మాఱదు. ఇట్లు స్థానములు సమానము చేసి పోల్చినచో 1.25 మితికి లోఁబడినదనియు, 1.60 మించినదనియు తేలును.

పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానమునకు మన నల్లగొండ పేరే కలదు. ఆ శుద్ధి చాలినదో లేదో తెలుపునదియు ఈ చిన్న అంకెలే. కావున బాలబాలికలారా, బిందువును శ్రద్ధతో వ్రాయుదము. అది జాఱినచో 1.5 కాస్త 15 అగును.