ఊపిరితిత్తులలోని సూక్ష్మజీవులు

ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో సూక్ష్మజీవులు ఉండవని వైద్యశాస్త్రం చిరకాలం భావించినది. 2007లో అమెరికాలో మానవదేహంలోని సూక్ష్మజీవులపై బృహత్ పరిశోధన ప్రారంభమైనప్పుడు ఊపిరితిత్తులకు అందులో చోటు దక్కలేదు. 2010లో లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతుల శ్వాసనాళాలలోనూ బాక్టీరియా ఉన్నట్లు నిరూపించారు. వారిలో ప్రీవొటెల్లా జాతి హెచ్చు. ఉబ్బసరోగులలో హీమోఫిలస్ హెచ్చు.

ఇవి ప్రధానంగా నోటినుండియే వచ్చును. నిద్రలో లాలాజలం అణుమాత్రంగా శ్వాసనాళంలోనికి జారును. దగ్గు, శ్లేష్మం, శ్వాసనాళపు సూక్ష్మకేశాలు వాటిని వెలికి నెట్టును. ఈ రాకపోకల సమతౌల్యమే ఆరోగ్యం. పొగాకు ఆ కేశాలను దెబ్బతీయును.

ప్రేగులకూ ఇందులో పాత్ర కలదు. పీచుపదార్థాన్ని ప్రేగులలోని బాక్టీరియా కొన్ని ఆమ్లాలుగా మార్చును. అట్టి ఆహారం తిన్న ఎలుకలలో శ్వాసనాళపు ఎలర్జీ వాపు తగ్గినట్లు 2014లో వెల్లడైనది. శ్వాసరోగం పిత్తస్థానంలో పుట్టునని చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో చెప్పుట ఇచ్చట స్మరణీయం. ఆ కాలమున సూక్ష్మజీవుల ఊసు లేకున్నను, జీర్ణకోశానికీ శ్వాసకూ గల బంధాన్ని ప్రాచీనులు గుర్తించారు.

ఆచరణ: ఉదయం, రాత్రి దంతధావనం చేయండి. దంపుడు బియ్యం, జొన్నలు, ఆకుకూరలు, పప్పుధాన్యాలు భుజించండి. పొగాకు విడువండి. సాధారణ జలుబుకు కారణం వైరస్. దానిపై యాంటీబయాటిక్‌లు పనిచేయకపోగా మేలుచేయు బాక్టీరియాను నశింపజేయును. కనుక వైద్యుడు వ్రాయనిదే వాటిని కొనవద్దు. ఉబ్బసరోగులు పథ్యాన్ని నమ్ముకొని పీల్చే మందును మానరాదు. ఆయాసం హెచ్చినచో తక్షణమే వైద్యుని చూడవలెను.