ముల్లుగా మారే మొగ్గ

హైదరాబాదు నుంచి బెంగుళూరు రోడ్డు మీద శంషాబాదు వెళ్తుంటే గగన్‌పహాడ్ దగ్గర రాతి గుట్టలు కనిపిస్తాయి. అలాంటి పలచని నేలలో, మండుటెండలో కూడా తట్టుకొని పెరిగే అందమైన పొద వాక్కాయ. మల్లెల్లాంటి తెల్లని పూలు, వానకాలంలో తెలుపూ గులాబీ కలిసిన కాయలు!

దీని కొమ్మ కొనను గమనించండి. అక్కడి మొగ్గ చిగురు వేయడం మాని ముల్లుగా మారుతుంది. మరి కొమ్మ సాగేదెలా? ఆకుల మొదట్లో ఉన్న పక్క మొగ్గలు చిగురిస్తాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అందుకే మేక కూడా దూరలేనంత చిక్కని కంచె తయారవుతుంది. కత్తెరతో కొనలు తుంచినా జరిగేది ఇదే.

బాగా పండి నల్లబడిన కాయల్లోంచి గింజలు తీసి వెంటనే నాటండి. దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. కంచెకు మొక్కల మధ్య 3 అడుగుల ఎడం చాలు. మొదటి వేసవిలో మాత్రం నీళ్ళు తప్పనిసరి. సుమారు మూడో ఏట కాపు మొదలవుతుంది.

కాయ తుంచితే పాలు కారతాయి. ఇక్కడే జాగ్రత్త! వాక్కాయ, పచ్చగన్నేరు రెండూ అపోసైనేసి కుటుంబానివే; రెండింటికీ పాలుంటాయి. పచ్చగన్నేరు కాయ తింటే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు. దానికి ముళ్ళుండవు, ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి. వాక్కాయ ఆకు కోలగా, దళసరిగా ఉంటుంది. పెద్దలకు చూపించకుండా ఏ కాయా నోట్లో పెట్టుకోకండి.

వాక్కాయ పప్పు రుచి మీకు తెలిసిందే. బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ కూడా చాలాసార్లు రంగు వేసి పాకంలో నానబెట్టిన వాక్కాయే!