తిరిగి వస్తామని చెప్పి వెళ్లిన ఊరు – టైన్‌హామ్

ఈసారి మన గోడ పత్రికలో ఇంగ్లండు దేశంలోని ఒక చిన్న ఊరి గురించి తెలుసుకుందాం.

ఊరు ఎక్కడ ఉంది?

టైన్‌హామ్ ఇంగ్లండుకు దక్షిణాన డోర్సెట్ అనే ప్రాంతంలో, సముద్రం దగ్గర కొండల మధ్య ఉంది. రాతి ఇళ్లు, ఒక చర్చి, ఒక బడి, పోస్టాఫీసు, దొరల బంగళా ఉండేవి. జనం వ్యవసాయం చేసేవారు, చేపలు పట్టేవారు. భూమి, ఇళ్లు ఎక్కువగా బాండ్ అనే కుటుంబానివి. మిగతావాళ్లు అద్దెకు ఉండేవాళ్లు.

ఏం జరిగింది?

అది రెండో ప్రపంచ యుద్ధం కాలం. సైనికులకు ట్యాంకులతో గుండ్లు పేల్చడం నేర్పడానికి స్థలం కావలసి వచ్చింది. 1943 నవంబరులో ఇంటింటికీ ఉత్తరం వచ్చింది. డిసెంబరు 19 లోపల ఖాళీ చెయ్యాలి. అంటే ఒక్క నెలే టైము! చుట్టుపక్కల వాళ్లతో కలిపి 200 మందికి పైగా క్రిస్మస్ పండగ రాకముందే వెళ్లిపోయారు.

పోయేటప్పుడు చర్చి తలుపుకి ఒక కాగితం పెట్టారు. యుద్ధం గెలవాలని మా ఇళ్లు ఇచ్చి పోతున్నాం, వాటిని జాగ్రత్తగా చూడండి, ఒక రోజు తిరిగి వస్తాం అని దాని అర్థం.

1945లో యుద్ధం అయిపోయింది. ఊరివాళ్లు ఎదురు చూశారు. కానీ 1948లో ప్రభుత్వం ఆ భూమిని సైన్యం కోసమే నిర్బంధంగా తీసేసుకుంది. వాళ్లు మళ్లీ ఆ ఇళ్లల్లో కాపురం ఉండలేదు.

ఇప్పుడు అక్కడ చూడదగ్గవి

1. చర్చి: దీని పేరు సెయింట్ మేరీ. ఊరి చరిత్ర ఇక్కడ తెలుసుకోవచ్చు.

2. బడి: పిల్లలు తగ్గిపోయి 1932లోనే మూసేశారు. ఇప్పుడు దాన్ని బాగుచేసి మ్యూజియంగా ఉంచారు. కోట్లు తగిలించే కొక్కేల దగ్గర పిల్లల పేర్లు ఉన్నాయి.

3. ఇళ్లు: పైకప్పు లేవు, గోడలే ఉన్నాయి.

1975 నుండి, కాల్పులు లేని రోజుల్లో జనాన్ని చూడనిస్తున్నారు.

మనం తెలుసుకోవలసింది

మా ఇంటికి తాళం లేదు. అమ్మ పనికి పోతే తలుపు దగ్గరికేసి గడియ పెడతాది. సాయంత్రం వస్తాది కదా. మనం కూడా హాస్టల్లో సెలవులకి రోజులు లెక్కపెట్టుకుంటాం. టైన్‌హామ్ వాళ్లు కూడా అలాగే లెక్కపెట్టుకుని ఉంటారు.

మా అమ్మా నాన్నకి చదువు రాదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది నేనే. మీలో చాలామందికి కూడా అంతే. కాబట్టి ఏ కాగితమైనా చివరి దాకా చదవాలి. ఎప్పుడు పొమ్మన్నారు అన్నదే కాదు, ఎప్పుడు రానిస్తారో రాశారా లేదా అన్నది కూడా చూడాలి.

ప్రశ్న: టైన్‌హామ్ వాళ్లు కాగితాన్ని ఏ తలుపుకి పెట్టారు? చూడకుండా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని